మన కొలతకు కుదిరిన పరీక్షలు

ఇంటి గడపకు వచ్చిన ఆశా కార్యకర్తకు మంచినీళ్లిచ్చి ఆదరించే కుటుంబాలు మనలో ఎన్నో ఉన్నాయి. అయితే ఆమె సంచిలోంచి ఒక పత్రం తీసి ప్రశ్నలు మొదలుపెట్టగానే, “మా ఇంట్లో అందరూ బాగానే ఉన్నారమ్మా” అన్న ఒక్క మాటతో ఆ పత్రం తిరిగి సంచిలోకి చేరుతుంది. 30 ఏళ్లు నిండిన ప్రతి స్త్రీ పేరిటా, ప్రతి పురుషుని పేరిటా ఆమె నింపవలసిన పత్రం అది. వయసు ఎంత, పొగాకు అలవాటు ఉన్నదా, నడుము చుట్టుకొలత ఎంత, వారంలో ఎంతసేపు శరీరం కదులుతున్నది, తల్లిదండ్రులలో గాని తోబుట్టువులలో గాని రక్తపోటు, మధుమేహం, గుండెజబ్బు ఉన్నవారు ఉన్నారా అన్నవి అందులోని ప్రశ్నలు. ఒక్కొక్క జవాబుకు కొన్ని మార్కులు. మొత్తం నాలుగు దాటితే ఆ వ్యక్తిని ముందువరుసలో పరీక్షకు పంపాలి. రెండవ భాగంలో మరికొన్ని ప్రశ్నలు ఉంటాయి: నోరు తెరవటం కష్టమవుతున్నదా, రెండు వారాలైనా మానని పుండు ఉన్నదా, రొమ్ములో గడ్డ తగులుతున్నదా, ముట్లుడిగిన తర్వాత రక్తస్రావం కనబడిందా.

ఈ పత్రాన్ని తిప్పి పంపిన ఇంట్లోనే, మరో నెలకు ఎవరో ఫోన్‌లో పంపిన ప్రకటన చూసి, వేల రూపాయలు చెల్లించి ‘సంపూర్ణ దేహ పరీక్ష’ చేయించుకునే పెద్దమనిషి ఉండవచ్చు. ఉచితంగా గడపలోకి వచ్చిన దానికి విలువ లేదని, డబ్బు పెట్టి కొన్నది గొప్పదని మనకొక నమ్మకం. ఈ విషయంలో మాత్రం నిజం దాదాపు తలకిందులుగా ఉన్నది. ఆశా తెచ్చిన పత్రం మన దేహాలను, మన రోగాలను, మన ఊళ్లలో దొరికే వైద్యాన్ని లెక్కలోకి తీసుకొని తయారైనది. ఆ ఖరీదైన జాబితాలో చాలా భాగం వేరే దేశాల ప్రజల కోసం ఏర్పడిన సూచనల నుంచి, ఇంకొంత భాగం కేవలం వ్యాపారం నుంచి వచ్చినది.

గుండెజబ్బు గురించిన మన పరిజ్ఞానం ఎక్కడి నుంచి వచ్చిందో ఒకసారి చూద్దాం. 1948లో అమెరికాలోని మసాచుసెట్స్ రాష్ట్రంలో ఫ్రామింగ్‌హామ్ అనే చిన్న పట్టణంలో 5,209 మంది స్త్రీ పురుషులను ఎంచుకొని, ఏళ్ల తరబడి వారిని పరీక్షిస్తూ వచ్చారు. రక్తపోటు, కొలెస్టరాల్, పొగతాగుడు గుండెపోటుకు దారితీస్తాయని స్పష్టంగా చెప్పగలిగింది ఆ అధ్యయనమే. రాబోయే పదేళ్లలో ఒక మనిషికి గుండెపోటు వచ్చే అవకాశం ఎంతో లెక్కకట్టే పట్టికలు కూడా దాని నుంచే పుట్టాయి. మానవాళికి అది గొప్ప మేలు. కాని ఆ 5,209 మంది దాదాపుగా అందరూ తెల్లజాతివారు. వారి దేహాల లెక్కను తెచ్చి మన దేహాలకు వేస్తే, ప్రమాదం ఉన్నదానికంటే తక్కువగా కనబడుతుందని తర్వాతి పరిశోధనలు తేల్చాయి.

కేరళలో పుట్టి కెనడాలో స్థిరపడిన హృద్రోగ పరిశోధకుడు డాక్టర్ సలీం యూసుఫ్ నాయకత్వంలో 52 దేశాలలో జరిగిన ‘ఇంటర్‌హార్ట్’ అధ్యయనం 2004లో వెలువడింది. మొదటి గుండెపోటుకు కారణమయ్యే ప్రమాదంలో 90 శాతం తొమ్మిది అంశాలలోనే ఇమిడి ఉన్నదని, అవి అన్ని దేశాలలోనూ అవేనని అది చూపింది. పొగాకు, రక్తపోటు, మధుమేహం, కొవ్వులలో అసమతుల్యం, పొట్ట చుట్టూ పేరుకున్న కొవ్వు, మానసిక ఒత్తిడి, పండ్లూ కూరగాయలూ తినకపోవటం, శ్రమ లేకపోవటం మొదలైనవి ఆ జాబితాలో ఉన్నాయి. కారణాలు అందరికీ ఒకటే అయినా అవి పనిచేసే వయసు ఒకటి కాదు. దక్షిణాసియా వారికి మొదటి గుండెపోటు సగటున 53 ఏళ్లకు వస్తున్నదని, మిగతా ప్రపంచంలో అది దాదాపు 59 ఏళ్లని ఆ అధ్యయనంలోని వివరాలే తెలిపాయి. ఆరేళ్లు! ఒక కుటుంబంలో ఆ ఆరేళ్లంటే ఏమిటో చెప్పనక్కరలేదు. పెద్దమ్మాయి నికాహ్, చిన్నవాడి చదువు, ఇంటి అప్పు, అన్నీ ఆ ఆరేళ్లలోనే ఉంటాయి.

అందుకే మన కొలతలు మారాయి. బరువు సంగతి తీసుకోండి. కిలోలలో మన బరువును, మీటర్లలో మన ఎత్తును రెండుసార్లు గుణించగా వచ్చిన అంకెతో భాగిస్తే వచ్చేది దేహ ద్రవ్యరాశి సూచిక. పాశ్చాత్య పట్టికలలో అది 25 దాటితే అధిక బరువు, 30 దాటితే స్థూలకాయం. 2004లో ప్రపంచ ఆరోగ్య సంస్థ నిపుణులు ఆసియా ప్రజలు 23 నుంచే జాగ్రత్త పడవలసి ఉంటుందని సూచించారు. మన దేశ వైద్యులు 23 దాటితే అధిక బరువు, 25 దాటితే స్థూలకాయం అని నిర్ణయించుకున్నారు. 165 సెంటీమీటర్ల ఎత్తున్న మనిషికి పాత లెక్కలో 68 కిలోల వరకు భయం లేదు. మన లెక్కలో 62న్నర కిలోల దగ్గరే హెచ్చరిక మొదలవుతుంది. కాళ్లూ చేతులూ సన్నగా ఉండి పొట్ట మాత్రం ముందుకు వచ్చే మన దేహ తత్త్వమే దీనికి కారణం. ఆ పొట్టలో కాలేయం చుట్టూ చేరిన కొవ్వే మధుమేహానికీ గుండెజబ్బుకూ వాకిలి తెరుస్తుంది.

కాబట్టి తూనిక యంత్రం కంటే దర్జీ వద్ద ఉండే టేపు మనకు ఎక్కువ ఉపయోగపడుతుంది. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడుమ, ఊపిరి వదలిన తర్వాత, టేపును బిగించకుండా చుట్టి చూడాలి. పురుషులకు 90 సెంటీమీటర్లు, అంటే సుమారు 35న్నర అంగుళాలు. స్త్రీలకు 80 సెంటీమీటర్లు, అంటే 31న్నర అంగుళాలు దాటకూడదు. ప్యాంటు సైజును నడుము కొలతగా భావించేవారు చాలామంది ఉన్నారు. పొట్ట కిందకు జార్చి కట్టిన ప్యాంటు ఇరవై ఏళ్లైనా అదే సైజు చెబుతుంది. ఇక కుర్తాలు, బుర్ఖాలు నడుమును దాచినంత చక్కగా మరే దుస్తులూ దాచవు. అద్దం మనకు చెప్పని మాటను టేపు చెబుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో ప్రపంచాన్ని 21 ప్రాంతాలుగా విభజించి, ఒక్కొక్క ప్రాంతానికీ వేర్వేరు గుండెజబ్బు ప్రమాద పట్టికలను విడుదల చేసింది. దక్షిణాసియాకూ ఒక పట్టిక ఉన్నది. రక్తపరీక్ష చేయించే వీలులేని చోట కూడా వాడుకోగలిగేలా దానిలో మరో రూపం ఉన్నది. వయసు, స్త్రీయా పురుషుడా, పొగతాగుతారా, రక్తపోటులో పై అంకె ఎంత, దేహ ద్రవ్యరాశి సూచిక ఎంత అన్న అయిదు సంగతులు తెలిస్తే చాలు. ఒక ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోని వైద్యుడు రెండు నిమిషాలలో చెప్పగలిగిన లెక్క ఇది. కొలెస్టరాల్ విషయంలోనూ మన నిపుణులు తొందర పడమనే చెబుతున్నారు. భారత హృద్రోగ వైద్యుల సంఘం 2024లో వెలువరించిన మార్గదర్శకాలు 18 ఏళ్లకే మొదటి కొవ్వు పరీక్ష చేయించుకోవచ్చునని తెలిపాయి. కుటుంబంలో చిన్న వయసులో గుండెపోటుతో పోయినవారు ఉన్నట్లయితే ఈ మాటను మరింత శ్రద్ధగా వినాలి.

రక్తపోటుకు నొప్పి లేదు. హజ్ ప్రయాణానికి వైద్య ధ్రువపత్రం కోసం వెళ్లినప్పుడు, జీవితంలో మొదటిసారి చేతికి పట్టీ కట్టించుకొని, తమకు రక్తపోటు ఉన్నదని తెలుసుకున్న పెద్దలను నేను ప్రతి ఏటా చూస్తున్నాను. అరవై ఏళ్లు దాటాక తెలిసిన ఆ సంగతి నలభైలో తెలిసి ఉంటే మూత్రపిండాలకూ, గుండెకూ, మెదడులోని నాళాలకూ ఇరవై ఏళ్ల భారం తప్పేది. మన దేశంలో రక్తపోటు నియంత్రణ కార్యక్రమాన్ని ఆరంభించిన మొదటి అయిదు రాష్ట్రాలలో తెలంగాణ ఒకటి. అందులో వాడే మందులు చవకైనవి, రోజుకు ఒకసారి వేసుకునేవి, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనే ఇచ్చేవి. హైదరాబాదులో 2018 నుంచి బస్తీ దవాఖానాలు పనిచేస్తున్నాయి. ఇంట్లో యంత్రం కొనుక్కోదలచినవారు మణికట్టుకు కట్టేది కాక, మోచేతి పైభాగాన కట్టేది కొనాలి. అయిదు నిమిషాలు వీపు ఆనించి, పాదాలు నేలపై ఉంచి, మాట్లాడకుండా కూర్చొని, రెండుసార్లు చూడాలి. ఆసుపత్రిలో 140/90, ఇంట్లో 135/85 దాటుతూ ఉంటే వైద్యుని వద్దకు వెళ్లాలి. జుమా నమాజ్ తర్వాత మసీదు వసారాలో ఒక కుర్చీ, ఒక యంత్రం, అది వాడటం తెలిసిన ఒక యువకుడు ఉంటే ఎంతమంది పేర్లు బయటపడతాయో మసీదు కమిటీలు ఒకసారి చూడవచ్చు. దానికి చందా పెద్దగా అక్కరలేదు.

ఉప్పు సంగతి ఒక మాటతో ముగిస్తాను. రోజుకు మనిషికి అయిదు గ్రాములు, అంటే ఒక చిన్న చెంచాడు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. ఆవకాయ, అప్పడం, కూరలోని ఉప్పు, బిర్యానీతో వచ్చే సాలన్‌లోని ఉప్పు, అన్నీ కలిపే ఆ చెంచాడు.

ఇంకొక అలవాటు గురించి చెప్పక తప్పదు. మన ఇళ్లలో ఛాతీనొప్పికి ‘గ్యాస్’ అనే పేరు స్థిరపడిపోయింది. సోడా తాగించి, వాము నమిలించి, పడుకోబెట్టి తెల్లవారేదాకా ఎదురుచూస్తారు. ఛాతీ మధ్యలో బరువు పెట్టినట్లు నొప్పి, అది ఎడమ చేతికో దవడకో పాకటం, చల్లని చెమట, ఆయాసం ఉంటే అది గ్యాస్ కాదన్న అనుమానంతోనే 108కు ఫోన్ చేయాలి. స్త్రీలలోనూ మధుమేహ రోగులలోనూ నొప్పి లేకుండా ఆయాసం, వాంతి, విపరీతమైన నీరసం మాత్రమే ఉండవచ్చు. గుండె కండరం గంటల లెక్కన చచ్చిపోతుంది.

ఇక క్యాన్సర్ సంగతి. ఇక్కడ మన పరిస్థితికీ పాశ్చాత్యుల పరిస్థితికీ దూరం మరింత ఎక్కువ. అమెరికా నిపుణుల సంఘం 2024లో 40 ఏళ్ల నుంచి 74 ఏళ్ల వరకు ప్రతి స్త్రీకి రెండేళ్లకొకసారి మామోగ్రామ్ చేయాలన్నది. బ్రిటన్‌లో 50 నుంచి 71 ఏళ్ల మధ్య మూడేళ్లకొకసారి పిలుస్తారు. మన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ ఆ దేశాలకంటే చిన్న వయసులోనే కనిపిస్తున్నది. చిన్న వయసులో రొమ్ము కణజాలం దట్టంగా ఉండటం వల్ల మామోగ్రామ్‌లో గడ్డ స్పష్టంగా కనబడదు. ఆ యంత్రాలూ, ఆ చిత్రాలను చదవగల వైద్యులూ నగరాలు దాటి లేరు. అందువల్ల మన దేశంలో 2016లో వెలువడిన మార్గదర్శకాలు వేరే దారి పట్టాయి. 30 నుంచి 65 ఏళ్ల వరకు అయిదేళ్లకొకసారి మూడు పరీక్షలు: శిక్షణ పొందిన నర్సు చేతితో రొమ్మును పరీక్షించటం, గర్భాశయ ముఖద్వారాన్ని చూడటం, నోటిని చూడటం. మూడవది పురుషులకూ వర్తిస్తుంది.

ఇవి పేదల కోసం తగ్గించి ఇచ్చిన వైద్యమని కొందరి భావన. నేనలా అనుకోను. ఈ మూడింటి వెనుకా మన గడ్డపై ఏళ్ల తరబడి జరిగిన పరిశోధన ఉన్నది. ముంబైలోని మురికివాడలలో టాటా మెమోరియల్ ఆసుపత్రి వైద్యులు 1998లో ఆరంభించి లక్షన్నర మంది స్త్రీలతో ఒక అధ్యయనం నడిపారు. పరీక్షలు చేసినవారు డాక్టర్లు కారు. కొద్దివారాల శిక్షణ పొందిన సాధారణ ఆరోగ్య కార్యకర్తలు. సిర్కాలో ఉండే ఎసిటిక్ ఆమ్లాన్నే పలుచగా చేసి గర్భాశయ ముఖద్వారానికి అద్ది, ఒక నిమిషం ఆగి చూస్తే, మారుతున్న కణాలు ఉన్నచోట తెల్లగా కనబడుతుంది. అంతే పరీక్ష. ఆ పరీక్ష పొందిన స్త్రీలలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ మరణాలు 31 శాతం తగ్గాయని 2014లో వెల్లడైంది. తెల్లని మచ్చ కనబడితే, అది క్యాన్సర్‌గా మారకముందే, తరచుగా అదే రోజున, దానిని తొలగించే చికిత్స కూడా ఉన్నది.

అదే అధ్యయనంలో చేతితో చేసిన రొమ్ము పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. 50 దాటిన స్త్రీలలో రొమ్ము క్యాన్సర్ మరణాలు దాదాపు 30 శాతం తగ్గాయి. అంతకు లోపు వయసువారిలో మరణాలు తగ్గినట్లు నిరూపణ కాలేదు గాని, గడ్డలు మాత్రం ముందు దశలోనే దొరికాయి. ఈ తేడాను దాచకుండా చెప్పటం అవసరం. పరీక్ష చేయించుకున్నంత మాత్రాన రక్ష దొరికినట్లు కాదు. 35 ఏళ్ల స్త్రీకి పరీక్షలో ఏమీ లేదన్నా, మరుసటి ఏడాది తన చేతికి గడ్డ తగిలితే అయిదేళ్లు ఎదురుచూడరాదు.

మూడవ ఊరు మనకు మరింత దగ్గరిది. ఒకప్పుడు హైదరాబాదు సంస్థానంలో భాగమై, నిజాం పేరుతో ఉస్మానాబాద్‌గా పిలువబడి, నేడు ధారాశివ్‌గా మారిన మహారాష్ట్ర జిల్లా అది. అక్కడి పల్లెలలో లక్షా 30 వేలకు పైగా స్త్రీలపై జరిగిన అధ్యయనం 2009లో వెలువడింది. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కు కారణమైన హెచ్.పి.వి. అనే వైరస్ ఉన్నదో లేదో తెలిపే పరీక్షను జీవితంలో ఒక్కసారి చేసినా, ఆ క్యాన్సర్ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి. ప్రపంచ ఆరోగ్య సంస్థ నేడు అన్ని దేశాలకూ సూచిస్తున్నది ఈ పరీక్షనే. ఒక మరాఠ్వాడా పల్లె స్త్రీ ఇచ్చిన నమూనా లోకమంతటికీ మార్గం చూపిందన్నమాట.

ఇంత జరిగినా మనవారు పరీక్షకు రావటం లేదు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 30 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో గర్భాశయ ముఖద్వార పరీక్ష ఎప్పుడైనా చేయించుకున్నవారు దేశంలో 1.9 శాతం. రొమ్ము పరీక్ష 0.9 శాతం. మరోవైపు ఒక్క 2022లోనే మన దేశంలో గర్భాశయ ముఖద్వార క్యాన్సర్ కొత్తగా సోకినవారు సుమారు లక్షా 27 వేలమంది, రొమ్ము క్యాన్సర్ సోకినవారు లక్షా 92 వేలమంది అని అంతర్జాతీయ అంచనా.

పర్దా ప్రశ్న

మన ఇళ్లలో ఈ పరీక్షలకు అడ్డుపడేది ఖర్చు కాదు, దూరమూ కాదు. హయా. సిగ్గు, శీలం మన స్త్రీల ఆభరణాలు, అందులో వాదన లేదు. కాని ఆ పేరున ఏమి జరుగుతున్నదో చూడాలి. మా మదర్సాలో చదువుకున్న ఒక బాలిక తల్లి రొమ్ములో గడ్డను ఎనిమిది నెలలు ఎవరికీ చెప్పలేదు. నొప్పి లేదు గనుక చెప్పలేదు. చెబితే ఎవరి ముందు చూపించవలసి వస్తుందో అన్న బెదురుతో చెప్పలేదు. భర్తకు తెలిసేనాటికి చంకలోకి పాకింది. రెండేళ్ల చికిత్స తర్వాత ఆమె అల్లాహ్ సన్నిధికి చేరింది. ఆ బాలికకు అప్పుడు పన్నెండేళ్లు.

వైద్యం కోసం, అవసరమైనంత మేరకు, దేహభాగాన్ని చూపటం ధర్మసమ్మతమన్నది ఫిఖ్‌హ్ పండితులలో స్థిరమైన మాట. స్త్రీకి వైద్యురాలు దొరికినంత వరకు ఆమె వద్దకే వెళ్లాలి. దొరకనప్పుడు పురుష వైద్యుడు, అవసరమైన భాగం మాత్రమే, మరొక స్త్రీ గాని భర్త గాని సమక్షంలో. ఇంతవరకు అందరికీ తెలుసు. అయితే ఒక సోదరి నన్ను పరదా వెనుక నుంచి ఒక సూటి ప్రశ్న అడిగింది. “జబ్బు ఉన్నప్పుడు కదా అవసరం? నాకు జబ్బేమీ లేదు. మరి ఆరోగ్యంగా ఉన్న నేను చూపించుకోవటానికి అనుమతి ఎక్కడిది?”

ఇది తేలికగా తీసిపారేయవలసిన ప్రశ్న కాదు. నా జవాబు ఇది. అవసరం అన్నది నొప్పితోనే మొదలవుతుందన్న నియమమేదీ లేదు. రోగ స్వభావాన్ని బట్టి అవసరం నిర్ణయమవుతుంది. గర్భాశయ ముఖద్వారంలో మార్పు మొదలై క్యాన్సర్‌గా ముదరటానికి సాధారణంగా పది పదిహేనేళ్లు పడుతుంది. ఆ కాలమంతా స్త్రీకి ఏ బాధా ఉండదు. బాధ మొదలయ్యేసరికి చిన్న చికిత్సతో పోయే అదను దాటిపోతుంది. వైద్యం ఫలించే సమయంలో లక్షణాలు ఉండవని అనుభవజ్ఞులైన వైద్యులు చెబుతున్నప్పుడు, ఆ సమయంలో చేసే పరీక్ష కూడా వైద్యంలో భాగమే అవుతుంది. దేహం అల్లాహ్ మనకు అప్పగించిన అమానతు. అప్పగింతను కాపాడటంలో ముందుజాగ్రత్త కూడా చేరుతుంది.

పైగా ఈ కార్యక్రమంలో పరీక్ష చేసేది ఎవరు? ఉపకేంద్రంలోని ఏ.ఎన్.ఎం., లేదా స్టాఫ్ నర్సు. స్త్రీలు. కాబట్టి పురుషుని ఎదుట పడే ప్రశ్నే చాలాచోట్ల రాదు. వెళ్లేముందు ఫోన్ చేసి ఎవరు ఉంటారో కనుక్కోవచ్చు. నలుగురు స్త్రీలు కలిసి వెళ్లవచ్చు. మన ఇళ్లలో స్త్రీలు కలిసి వెళ్లని పని ఏమున్నది గనుక! ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో మరొక సౌలభ్యాన్ని సూచించింది. హెచ్.పి.వి. పరీక్షకు నమూనాను స్త్రీ తనంతట తానే, తలుపు వేసుకొని, ఒక చిన్న మెత్తని పుల్లతో తీసి ఇవ్వవచ్చు. ఎవరికీ ఏదీ చూపనక్కరలేదు. పర్దా పాటించే స్త్రీలకు ఇంతకంటే అనుకూలమైన పరీక్ష లేదు. మన ఊరి ఆరోగ్య కేంద్రంలో అది ఇంకా అందుబాటులోకి రాకపోతే, కావాలని అడగవలసిన మొదటి సమాజం మనదే. ముట్లుడిగిన స్త్రీలలో ఎసిటిక్ ఆమ్లపు పరీక్ష అంత నమ్మదగినది కాదు గనుక వారికి ఇది మరింత అవసరం.

అమ్మాయిలకు 9 నుంచి 14 ఏళ్ల మధ్య హెచ్.పి.వి. టీకా వేయించాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ సూచన. పుణేలోని సీరం సంస్థ తయారుచేసిన సర్వావాక్ 2023లో వచ్చింది. “మా అమ్మాయి శీలవతి, ఆమెకెందుకు?” అని తండ్రులు నొచ్చుకుంటారు. అమ్మాయి శీలం గురించి ఈ టీకా ఏమీ అనటం లేదు. ఆ వైరస్ నికాహ్ తర్వాత భర్త నుంచి కూడా సోకుతుంది. భర్త గతం ఏ తండ్రి చేతిలోనూ లేదు.

నోరు

పురుషుల పరీక్ష చాలా చిన్నది: నోరు తెరవటం. జర్దా, ఖైనీ, గుట్కా ఒకవైపు, పొగాకు లేని వక్క మరొకవైపు. పొగాకు లేకపోతే హాని లేదన్నది మన పాన్ ప్రియుల వాదన. వక్క ఒక్కటే క్యాన్సర్‌కు కారకమని ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లోనే తేల్చి చెప్పింది. వక్క నమిలేవారి బుగ్గ లోపలి చర్మం గట్టిపడి, నోరు క్రమంగా మూసుకుపోతుంది. మూడు వేళ్లు నిలువుగా పేర్చి నోట్లో పెట్టి చూడండి. దూరకపోతే దంతవైద్యుని వద్దకు వెళ్లాలి. కేరళలోని తిరువనంతపురం జిల్లాలో ఆరోగ్య కార్యకర్తలు ఇల్లిల్లూ తిరిగి నోళ్లు చూశారు. పొగాకు లేదా మద్యం అలవాటున్నవారిలో నోటి క్యాన్సర్ మరణాలు 34 శాతం తగ్గాయని 2005లో వెల్లడైంది. ఖరీదైన పరికరమేదీ లేదు. చూసే కన్ను ఉంటే చాలు.

ఇక్కడ కూడా ఊరిని బట్టి చూపు మారాలి. శ్రీకాకుళం, విశాఖ తీరంలో స్త్రీలు చుట్టను వెలిగించిన కొసను నోట్లో పెట్టుకొని ‘అడ్డపొగ’ తాగటం ప్రపంచ వైద్య గ్రంథాలకెక్కిన అలవాటు. వారిలో పుండు పుట్టేది బుగ్గలో కాదు, పై అంగిట్లో. నాలుక, బుగ్గలు చూసి పంపేస్తే జబ్బు కనబడకుండానే పోతుంది. తల వెనక్కి వంచి పైకప్పు చూడాలి. మన ముసలమ్మలలో ఈ అలవాటు మిగిలి ఉన్న ఇళ్లున్నాయి గనుక ఈ మాట చెబుతున్నాను.

వద్దనవలసినవి

దిగుమతి చేసుకోకూడని పరీక్షలు కొన్ని ఉన్నాయి. అమెరికాలో 45 ఏళ్లకే పెద్దప్రేగు పరీక్ష మొదలుపెట్టమంటారు. మన దేశంలో ఆ క్యాన్సర్ అంత విస్తారంగా లేదు గనుక, లక్షణాలు గాని కుటుంబ చరిత్ర గాని లేనివారందరికీ కొలనోస్కోపీ చేయించటం మన కార్యక్రమంలో లేదు. పొగతాగేవారికి ఊపిరితిత్తుల సి.టి. స్కాన్ అక్కడి సూచన. క్షయ పాత మచ్చలు ఎంతోమంది ఊపిరితిత్తులలో ఉన్న మన దేశంలో ఆ స్కాన్ ప్రతి మచ్చనూ అనుమానంగా చూపి, సూదులూ శస్త్రచికిత్సల వెంట తిప్పుతుంది. ప్యాకేజీలలో ‘క్యాన్సర్ మార్కర్లు’ అన్న పేరుతో చేసే రక్తపరీక్షలు ఆరోగ్యవంతులలో క్యాన్సర్‌ను పసిగట్టటానికి పనికివచ్చేవి కావు. అంకె కొంచెం పెరిగితే నిద్రలేని నెలలు, పెరగకపోతే తప్పుడు ధీమా. ఈ.సి.జి. బాగున్నదంటే ఆ క్షణాన బాగున్నదని అర్థం, రేపటికి హామీ కాదు. గుండెజబ్బు లేనివారు సొంతంగా రోజూ ఆస్పిరిన్ వేసుకోవటం కూడా మానుకోవాలి. కడుపులో రక్తస్రావం కలిగించే మందు అది. ఇప్పటికే గుండెజబ్బు ఉండి వైద్యుడు రాసిన వారు మాత్రం ఈ వాక్యం చదివి మానేయరాదు.

ఈ ప్యాకేజీకి పెట్టే డబ్బును దాచి ఉంచితే పరీక్షలో అనుమానం వచ్చిననాడు బయాప్సీకి, ప్రయాణానికి, కూలి పోయిన రోజులకు అక్కరకు వస్తుంది. ఆరోగ్యశ్రీ వంటి పథకాలు రోగం నిర్ధారణ అయిన తర్వాతి పెద్ద చికిత్సను భరిస్తాయి. నిర్ధారణకు ముందు తిరిగే తిరుగుడు చాలావరకు మన జేబుపైనే పడుతుంది. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని మెహదీ నవాజ్ జంగ్ క్యాన్సర్ ఆసుపత్రి, విశాఖ వద్ద అగనంపూడిలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి అనుమానం కలిగినవారు వెళ్లదగిన ప్రభుత్వ రంగ సంస్థలు.

షాబాన్ లోపు

పరీక్షలకు మనకంటూ ఒక కాలం నిర్ణయించుకుంటే మరచిపోవటం ఉండదు. రమజాన్‌కు 6 నుంచి 8 వారాల ముందు, అంటే రజబ్ నెల ఆరంభం నుంచి ఆ నెల నడుమ వరకు, అందుకు తగిన సమయం. రక్తపోటు, మధుమేహం ఉన్నవారు ఉపవాసాలు ఎలా పాటించాలో, మందుల వేళలు సహరీకి, ఇఫ్తార్‌కు ఎలా మార్చుకోవాలో వైద్యునితో మాట్లాడవలసిన సమయం కూడా అదే గనుక ఒక్క ప్రయాణంలో రెండు పనులూ అవుతాయి. మధుమేహ మందులను సొంతంగా మార్చుకోవటం ప్రమాదకరం. ఇన్సులిన్ తీసుకునేవారిలో కొందరికి ఉపవాసమే వద్దని వైద్యుడు చెప్పవచ్చు. ఆ మినహాయింపు కూడా అల్లాహ్ ఇచ్చినదే.

పరీక్ష కోసం రక్తం ఇస్తే ఉపవాసం భంగం కాదు. మూడు నెలల సగటు చక్కెరను చూపే పరీక్షకు పరగడుపున ఉండవలసిన పని లేదు. కొవ్వు పరీక్షను కూడా మొదటిసారికి తిన్న తర్వాత చేయవచ్చునని ఇప్పుడు అంగీకరిస్తున్నారు. స్త్రీల అంతర్గత పరీక్ష విషయంలో మాత్రం ఉపవాసం గురించి సందేహాలు వస్తాయి గనుక, దానిని రమజాన్ పగళ్లలో పెట్టుకోక ముందే ముగించుకోవటం మేలు. ముట్టు రోజులు కూడా విడిచి తేదీ ఎంచుకోవాలి.

ఆ రోజున ఇంట్లో 30 దాటినవారందరూ రక్తపోటు, చక్కెర, నడుము కొలత, నోరు చూపించుకోవాలి. రక్తపోటు, చక్కెర ఏటేటా. స్త్రీల రెండు పరీక్షలు, నోటి పరీక్ష అయిదేళ్లకొకసారి. పొగాకు, వక్క అలవాటు ఉన్నవారు నోటిని ఏటేటా చూపించుకుంటే మంచిది. ఫలితాల కాగితాలను రేషన్‌కార్డు, ఆధార్ ఉంచే కవరులోనే ఉంచండి. ఆశా కార్యకర్త మళ్లీ వచ్చినప్పుడు ఆ కవరు తీసి ఆమె ముందు పెట్టి, పత్రం నింపించుకోండి.